గాజు జగ్గులో కాఫీ... ఏది కొనాలి? ఎలా వాడాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చాలా ఇళ్ళలో పొద్దున్నే గొంతులో కాఫీ చుక్క పడందే ఇంకో పని మొదలుకాదు. ఒక పక్క కర్ణాటక, కుప్పం దాటితే మరో పక్క తమిళనాడు. ఇద్దరి మధ్య ఉన్న మనకు కాఫీ రుచి తెలియకపోతే ఎలా? స్టీలు ఫిల్టరు, లోటా, దబరా ఎప్పటినుంచో ఉన్నవే. ఈమధ్య వాటి పక్కన గాజు సామాను కూడా చేరింది. పెళ్ళిలో కానుకగా వచ్చిందో, బెంగళూరులో ఉన్న కూతురు తెచ్చిందో, అందమైన గాజు కాఫీ జగ్గు ఒకటి మీ అలమరలోనూ ఉండే ఉంటుంది. "వేడి పోస్తే పగులుతుందేమో" అన్న భయంతో అది అక్కడే ఉండిపోయిందా?

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఉడుకు డికాక్షన్‌తో గ్లాసు చిట్లితే పోయేది గ్లాసొక్కటే కాదు. చెయ్యి కాలుతుంది, కాళ్ళ దగ్గర పసివాళ్ళుంటే మరీ ప్రమాదం. కానీ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. గాజుకు శత్రువు వేడి కాదు, ఉన్నట్టుండి మారే వేడి.

ఏ గాజు కొనాలి?

అన్ని గాజులూ ఒకటి కావు. నీళ్ళు, మజ్జిగ తాగే మామూలు గ్లాసులు సోడా, సున్నం కలిపి చేసిన గాజువి. వీటిలో మరిగే కాఫీ పోస్తే లోపలి వైపు వెంటనే వ్యాకోచిస్తుంది, బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ లాగుడుకు గ్లాసు నెర్రె విడుస్తుంది. మందంగా ఉంటే గట్టిదని అనుకుంటాం. వేడి విషయంలో ఇది తిరగబడుతుంది. మామూలు గాజు ఎంత మందమైతే అంత తొందరగా చిట్లే వీలుంది.

కాఫీకి కావలసింది బోరోసిలికేట్ గాజు. వేడికి ఇది మామూలు గాజులో మూడోవంతు మాత్రమే వ్యాకోచిస్తుంది. స్కూలు లేబరేటరీలో పిల్లలు వాడే బీకర్లు ఈ రకానివే. 19వ శతాబ్దం చివరలో జర్మనీలో ఆటో షాట్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని తయారుచేశాడు. వంటింటికి తెచ్చింది మాత్రం ఒక ఇల్లాలే! అమెరికాలో కార్నింగ్ గాజు కంపెనీలో పనిచేసే లిటిల్‌టన్ గారి భార్య బెస్సీ, తన మట్టి గిన్నె పగిలిపోయిందని భర్తతో చెప్పిందట. ఆయన కంపెనీ నుంచి బ్యాటరీ జాడీ అడుగుభాగాన్ని కోసి తెస్తే, 1913లో ఆమె అందులో కేకు చేసి చూపించింది. మదనపల్లెలో అనిబిసెంట్ కాలేజీ వెలిసిన 1915లోనే అక్కడ 'పైరెక్స్' పేరుతో వంటింటి గాజు అమ్మకానికి వచ్చింది. మన దేశంలో బోరోసిల్ కంపెనీ 1962లో మొదలైంది.

కొనేటప్పుడు పేరొక్కటే చూసి మోసపోకండి. ఇప్పుడు అమెరికాలో చేసే పైరెక్స్ గిన్నెలు కూడా బోరోసిలికేట్‌వి కావు. అట్టపెట్టె మీద 'బోరోసిలికేట్' అని స్పష్టంగా ఉందో లేదో చదవండి. 'టఫెన్డ్' అని ఉంటే అది గట్టిపరచిన మామూలు గాజు. వేడి కాఫీ తాగడానికి బాగానే ఉంటుంది కానీ పొయ్యి మీదికి పనికిరాదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని బుడగలు, గీతలు, అంచున పెచ్చులు లేవని చూసుకోండి. పిడి గాజుకు గట్టిగా అతికి ఉండాలి, నాలుగు వేళ్ళూ పట్టాలి.

చలికాలం పొద్దున జాగ్రత్త

మన ఊళ్ళు సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. డిసెంబరు, జనవరి పొద్దుటి పూట అలమరలో గ్లాసు ముట్టుకుంటే చల్లగా తగులుతుంది. అందులో ఉడుకు కాఫీ పోస్తే తేడా ఎక్కువ, చిట్లడమూ ఎక్కువ. ముందు గోరువెచ్చని నీళ్ళతో గ్లాసునూ జగ్గునూ తొలిచి, తర్వాతే పోయండి. జగ్గును గ్రానైటు గట్టు మీద నేరుగా కాకుండా మడిచిన బట్ట మీదో, చెక్క పలక మీదో పెట్టండి.

మనది ఎత్తు ప్రాంతం కాబట్టి నీళ్ళు 97, 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. దించి అర నిమిషం ఆగితే కాఫీకి సరైన వేడి ఉంటుంది.

గాజు ప్రెస్‌లో మన డికాక్షన్

జల్లెడ, పిడి ఉన్న గాజు జగ్గును ఫ్రెంచ్ ప్రెస్ అంటారు. మన ఫిల్టరు పొడి ఇందులో వేయకండి. అది మెత్తగా ఉండి జల్లెడకు అడ్డం పడుతుంది. బలంగా నొక్కితే వేడి నీళ్ళు పైకి చిమ్మి మొహం మీద పడే ప్రమాదం ఉంది. పొడి కొనేటప్పుడే చికోరీ లేకుండా, ఉప్మా రవ్వలా ముతకగా ఆడించమనండి.

నాలుగు పెద్ద చెంచాల పొడికి పావు లీటరు నీళ్ళు పోసి, చెక్క చెంచాతో ఒకసారి కలిపి మూత పెట్టండి. నాలుగు నిమిషాలయ్యాక నెమ్మదిగా నొక్కండి. బిగుసుకుంటే బలవంతం చేయకుండా కొంచెం పైకి లాగి మళ్ళీ నొక్కండి. మరిగించిన చిక్కటి పాలు కలిపితే ఫిల్టరు కాఫీ అంత కాకపోయినా కమ్మగా ఉంటుంది. మడ్డి జగ్గులోనే ఉంచేస్తే చేదెక్కుతుంది కాబట్టి డికాక్షన్ వెంటనే వంచుకోండి.

ఇంట్లో ఎవరికైనా కొలెస్ట్రాల్ ఎక్కువుంటే ఈ పద్ధతి రోజూ వద్దు. పొడిలోని నూనె పదార్థం కాఫీలోకి దిగి దాన్ని పెంచుతుంది. గాజు గరాటులో పేపరు ఫిల్టరు పెట్టి వంపుకుంటే ఆ నూనె చాలావరకు కాగితంలోనే ఆగిపోతుంది.

తాగడానికి గ్లాసులు

దబరాను పక్కన పెట్టెయ్యకండి. ముందు అందులో రెండుసార్లు తిరగబోసి, తర్వాత గాజు గ్లాసులో పోయండి. నురగ వస్తుంది, వేడి తగ్గుతుంది, గ్లాసూ బతుకుతుంది. పెద్దవాళ్ళకు చేతులు వణుకుతుంటే పిడి ఉన్న గ్లాసులే ఇవ్వండి. రెండు పొరల గ్లాసులు చేతికి కాలవు గానీ సున్నితం, స్టీలు చెంచాతో గట్టిగా తిప్పకూడదు.

తెల్లటి చారలు పోవాలంటే

బోరు నీళ్ళతో కడిగితే గాజు మీద తెల్లటి పొర కడుతుంది. అది నీళ్ళలోని సున్నం. సబ్బుకు పోదు, పులుపుకు పోతుంది. చింతపండు పులుసో, నిమ్మరసమో, వెనిగరో పట్టించి పావుగంట ఉంచి కడగండి. బూడిద, ఇసుక, ఇనుప పీచు వద్దు. కంటికి కనిపించని గీత పడినా రేపు అక్కడినుంచే పగులుతుంది. ఇరుకు మూతి జగ్గులో పిడికెడు బియ్యం, కాసిని నీళ్ళు పోసి ఊపితే లోపల శుభ్రపడుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

• పొయ్యి మీద పెట్టవచ్చని రాసి ఉంటే తప్ప గాజు జగ్గును మంట మీద పెట్టకండి. ఇండక్షన్ పొయ్యి మీద ఉత్త గాజు వేడెక్కదు.

• వేడి జగ్గును చన్నీళ్ళ కుళాయి కింద పెట్టకండి. చల్లారనివ్వండి.

• నెర్రె గానీ పెచ్చు గానీ కనిపిస్తే, ఎంత ఖరీదైనదైనా కాఫీకి వాడకండి.

• పగిలితే ముందు పిల్లల్ని దూరం పంపండి. పెద్ద ముక్కలు చీపురుతో ఊడ్చి, సన్నవాటిని తడి కాగితంతో అద్ది తీయండి. అట్టపెట్టెలో కట్టి, చెత్తబండి వాళ్ళకు చెప్పి ఇవ్వండి. ఊరికే పారేస్తే చెత్తలో మూతిపెట్టే ఆవుల నోరు కోసుకుంటుంది.

• చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద ఉంచండి. ఐసు, పేస్టు, సిరా పూయకండి. బొబ్బలు పెద్దవైతే డాక్టరుకు చూపించండి.

ఈ జాగ్రత్తలు అలవాటైతే, ఆ జగ్గును చుట్టాలొచ్చే రోజుకని దాచక్కర్లేదు. రేపు పొద్దున్నే దించి, తొలిచి, మీ కాఫీ అందులోనే కలుపుకోండి.