లాకు గదిలో పడవ: కంప్యూటర్‌లో తాత్కాలిక చిరునామాలు

తెలుగు బోధించే మాకు కంప్యూటర్ లోపలి సంగతులతో పనేమిటని పాఠకులు అనుకొనవచ్చును. కంప్యూటర్ శాస్త్రం చదువుచున్న మన విద్యార్థులు కొందరు, ‘టెంపరరీ మ్యాపింగ్’ అను మాటకు తెలుగు చెప్పమని మమ్ము అడిగినారు. మాట చెప్పుటకు ముందు విషయం తెలియవలెను గదా! తెలుసుకొన్న కొలదీ మాకు మన డెల్టాలోని లాకులే కన్నులకు కట్టినవి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినది. సర్ ఆర్థర్ కాటన్ పథకంలోని కాలువలు పొలాలకు నీరిచ్చుటకే గాక పడవల రాకపోకలకు కూడా ఉపకరించినవి. కాలువలో నీటిమట్టం మారే చోట లాకు కట్టినారు. పడవ లాకు గదిలోకి వచ్చును. వెనుక తలుపు మూయుదురు. నీటిమట్టం సరిచేసి ముందు తలుపు తెరతురు. ఆ గది ఎవరి సొంతమూ కాదు, దాటునంతసేపే మనది. దాటవలసిన పడవవాడు అందులోనే లంగరు వేసి నిద్రించినచో, వెనుక వరుసగా నిలిచిన పడవల గతి ఏమి?

ఇక కంప్యూటర్ సంగతి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలకేంద్రమైన భాగమును కెర్నెల్ అందురు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ వీటిలో ప్రసిద్ధమైనది. మెమొరీని 4096 బైట్ల పుటలుగా విభజించి కెర్నెల్ పాలించును. ఏ పుటనైనను చదువుటకు దానికొక చిరునామా ఉండవలెను. 32 బిట్ల యంత్రంలో చిరునామాల మొత్తం 4 గిగాబైట్లకు మించదు. ఇంటెల్ తరహా యంత్రాలలో సాధారణంగా అందులో 3 గిగాబైట్లు ప్రోగ్రాములకు, 1 గిగాబైటు కెర్నెల్‌కు కేటాయించుదురు. ఆ ఒక్క గిగాబైటులో సుమారు 896 మెగాబైట్ల మెమొరీకి మాత్రమే శాశ్వత చిరునామాలుండును. యంత్రంలో అంతకు మించి మెమొరీ ఉన్నచో, ఆ పుటలు ఎదుటనే ఉన్నను కెర్నెల్ చేతికి అందవు. కావున అవసరం వచ్చినపుడు పుటకొక తాత్కాలిక చిరునామా ఇచ్చి, పని తీరగానే దానిని ఉపసంహరించవలెను. ఇదియే మన విద్యార్థులు అడిగిన మ్యాపింగ్. అయితే ఈ చిరునామాను ఇచ్చి పుచ్చుకొనుటకు నియమాలెట్లుండవలెను? ఈ ప్రశ్నకు లినక్స్ నిర్మాతలు మూడు విధములుగా సమాధానం చెప్పినారు.

మొదటిది కెమ్యాప్. అందరికీ కలిపి 512 గాని, 1024 గాని స్థానాలు. చిరునామా పొందినవాడు మధ్యలో విశ్రమించినను ఫరవాలేదు; ఏ ప్రాసెసర్ నుండియైనను ఆ పుటను చూడవచ్చును. కాని ఉమ్మడి సొత్తు గనుక ప్రతివారూ ఒకే తాళం కొరకు కాచుకొనవలెను. స్థానాలను మరల వాడుటకు ముందు, పాత చిరునామాలను మరచిపొమ్మని అన్ని ప్రాసెసర్లకూ చాటవలెను. స్థానాలు నిండినచో వచ్చినవారు ఆగిపోవుదురు. చేతిలో ఒక స్థానం పెట్టుకొని రెండవదాని కొరకు ఎదురు చూచేవారు ఎక్కువైనచో, ఎవరూ ముందుకు సాగని స్తంభన ఏర్పడును.

రెండవది కెమ్యాప్ అటామిక్. ఇందులో ప్రతి ప్రాసెసర్‌కు ప్రత్యేకమైన కొద్ది స్థానాలుండును. కావున పని వేగముగా జరుగును. కాని చిరునామాను చేత పట్టుకొన్నంతసేపూ ఆ పని నిద్రించరాదు, మరొక పనికి చోటు ఈయరాదు. మొదట ఏ స్థానం కావలెనో వ్రాసేవారే పేరుపెట్టి చెప్పవలసి వచ్చెడిది. ఇద్దరు ఒకే పేరు చెప్పినచో ప్రమాదం. 2010లో ఈ పద్ధతి మార్చి, స్థానాలను పళ్ళెముల దొంతరవలె అమర్చినారు. చివర తీసుకొన్నదానిని ముందుగా తిరిగి ఈయవలెను.

మూడవది కెమ్యాప్ లోకల్. థామస్ గ్లైక్స్‌నర్ రూపొందించిన ఈ పద్ధతి 2021 ఫిబ్రవరిలో వెలువడిన 5.11 వెర్షన్‌లో చేరినది. ఇందులో చిరునామా దానిని అడిగిన పనికి మాత్రమే చెందును. ఆ పనిని మధ్యలో ఆపి వేరొక పనిని నడుపవలసి వచ్చినచో, కెర్నెల్ దాని చిరునామాలను తీసి దాచి, మరల వంతు వచ్చినపుడు ఎక్కడివక్కడ అమర్చును. ఇతరులను ఆపనక్కరలేదు, అందరికీ చాటనక్కరలేదు. నియమాలు రెండే: తీసుకొన్న క్రమానికి ఎదురు క్రమంలో తిరిగి ఈయవలెను; చిరునామాను ఇంకొక పనికి అప్పగించరాదు.

ఇక్కడ మనం ముఖ్యముగా గమనించవలసిన సంగతి ఒకటి కలదు. 64 బిట్ల యంత్రాలలో ప్రతి పుటకూ శాశ్వత చిరునామా ఉండును గనుక తాత్కాలిక చిరునామా కట్టవలసిన పనిలేదు. అచట ఈ నియమాలను ఉల్లంఘించినను సాధారణంగా ఏమియు జరుగదు. ప్రోగ్రాము చక్కగా నడచును. అదే ప్రోగ్రాము పాత 32 బిట్ల యంత్రంలోనికి పోయినపుడు నిలిచిపోవును, లేదా సమాచారాన్ని చెరచును. తప్పు చేసినవాడు కొత్త యంత్రం గలవాడు. దాని ఫలితం అనుభవించువాడు పాత యంత్రమును మార్చలేనివాడు! ఈ అన్యాయమును నివారించుటకే, 64 బిట్ల యంత్రంలో కూడా తాత్కాలిక చిరునామాలను బలవంతముగా వాడించి తప్పులను పట్టే పరీక్షా సౌకర్యమును కెర్నెల్‌లో ఉంచినారు. విద్యార్థులు దానిని ఉపయోగించుట నేర్వవలెను. ఒక గిగాబైటుకు మించిన మెమొరీ గల 32 బిట్ల పాత యంత్రమొకటి ప్రయోగశాలలో ఉన్నచో, పనికిరాదని దానిని అమ్మివేయక ఇట్టి పరీక్షలకు నిలిపి ఉంచవలెనని కళాశాల కమిటీ వారికి మా మనవి.

చివరకు విద్యార్థులు అడిగిన మాట. ‘తాత్కాలిక అనుసంధానం’ అనవచ్చును. కాని అందులో తిరిగి ఈయవలెనను బాధ్యత ధ్వనించదు. ఉర్దూ వారికీ, మనకూ తెలిసిన మాట మరొకటి ఉన్నది: అమానతు. ఒకరు నమ్మి అప్పగించినది, గడువు తీరగానే చెడకుండా తిరిగి చేరవలసినది. మూడు పద్ధతులలోను నియమాలు మారినవే గాని ఈ అర్థం మారలేదు. నిఘంటువు ఒప్పుకొన్నను, ఒప్పుకొనకున్నను, మా తరగతిలో మాత్రం మేము ఆ మాటనే వాడుచున్నాము.