జబ్ర్ వ ముఖాబలా చెప్పిన ఢిల్లీ మాస్టరు

పాత ఉర్దూ గద్యం చదివినవారికి మాస్టర్ రామచంద్ర పేరు కొత్త కాదు. ఆయన 1821లో పానిపట్‌లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోగా, ఆరుగురు కొడుకులను తల్లి పెంచింది. కొన్నాళ్లు గుమాస్తాగిరీ చేసి, మళ్లీ చదువుకుని, 1844లో ఢిల్లీ కాలేజీలో ఉపాధ్యాయులయ్యారు. అరబీ, ఫారసీ చదివే పిల్లలకు లెక్కలు, సైన్సు ఉర్దూలోనే చెప్పేవారు. ఉర్దూలో పుస్తకం లేదా, తానే రాసేవారు!

బీజగణితమంటే ఆయనకు ప్రాణం. కలన గణితం తోడు లేకుండా గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనుగొనే పద్ధతిపై 1850లో కలకత్తాలో సొంత ఖర్చుతో ఇంగ్లీషు గ్రంథం అచ్చువేశారు. ఉదాహరణకు, చుట్టుకొలత 20 గజాలున్న దీర్ఘచతురస్రపు జాగా ఎంత పెద్దది కాగలదు? రెండు పక్క భుజాల మొత్తం 10. వైశాల్యాన్ని తెలియని రాశిగా ఉంచి వర్గ సమీకరణం రాయండి. వైశాల్యం 25 చదరపు గజాలు దాటితే వర్గమూలం కింద రుణసంఖ్య వస్తుంది. అంటే అంతకు మించడం అసాధ్యం. మన పదో తరగతి పిల్లలకూ అందే దారి ఇది.

కలకత్తాలో ఆ గ్రంథానికి విమర్శలే ఎదురయ్యాయి. లండన్ గణితవేత్త డి మోర్గన్ మాత్రం దాని విలువ గుర్తించారు; ఆయన పీఠికతో 1859లో లండన్‌లో మళ్లీ వెలువడింది.

1857 తిరుగుబాటు తర్వాత రామచంద్ర ఢిల్లీ జిల్లా పాఠశాల హెడ్మాస్టరుగా పనిచేశారు. ఆయన దగ్గర లెక్కలు నేర్చిన మౌల్వీ జకావుల్లా (1832-1910) తానూ గణితాచార్యులై, ఎన్నో గణిత గ్రంథాలను ఉర్దూకు అందించారు.