ఉపగ్రహానికి రెండు పంక్తుల జాతకం



మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదుకు బస్సులో పోయేటప్పుడు దారిలో షాద్‌నగర్ వస్తుంది. 2016 వరకు అది పాలమూరు జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది. అక్కడ ఏముందో మీకు తెలుసా? భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాల సంకేతాలను అందుకునే భూకేంద్రం ఉంది. 1979లో అమెరికావారి లాండ్‌శాట్ పంపే చిత్రాలను అందుకోవడంతో దాని పని మొదలైంది. 1988 మార్చి 17న ప్రయోగించిన మన ఐ.ఆర్.ఎస్.-1ఎ తీసిన చిత్రాలూ అక్కడికే చేరాయి.

ఆ ఉపగ్రహం సుమారు 900 కి.మీ. ఎత్తున తిరుగుతూ, ఆకాశం ఈ అంచు నుంచి ఆ అంచుకు దాదాపు పదిహేను నిమిషాల్లో దాటిపోయేది. అంతసేపూ పెద్ద గిన్నెలాంటి యాంటెన్నా దానివైపే తిరుగుతుండాలి. వేళ తప్పితే ఆ చిత్రం పోయినట్టే! మళ్ళీ సరిగ్గా అదే నేల మీదికి రావడానికి దానికి 22 రోజులు పట్టేది. వానలు మొగం చాటేసిన ఏడు, మన చెరువుల్లో నీళ్ళెన్ని, చేలల్లో పచ్చదనమెంత అని చూడవలసినవారికి 22 రోజులు చిన్న గడువు కాదు.

మరి ఉపగ్రహం వచ్చే వేళ ముందుగా ఎలా తెలుస్తుంది? ప్రతి ఉపగ్రహానికీ రెండు పంక్తుల అంకెలు ఉంటాయి. ఒక్కొక్క పంక్తిలో 69 స్థానాలు. ఇది రంధ్రాలు పొడిచిన అట్టముక్కలతో కంప్యూటర్లు నడిచిన కాలం నాటి పద్ధతి. వేలాది ఉపగ్రహాల పంక్తులున్న ఫైళ్ళు నేడు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మనకు కావలసినదాన్ని వెదకడమెలా?

కంప్యూటరులో బొమ్మలూ బటన్లూ లేని ఒక తెర ఉంటుంది. మనం ఒక ఆదేశం టైపు చేసి ఎంటరు నొక్కితే, అది ఒక జవాబు ఇచ్చి, మళ్ళీ మన ప్రశ్న కోసం ఎదురు చూస్తుంది. గురువుగారిని ఒక్కొక్క సందేహమే అడిగినట్టన్నమాట! లినక్స్ కంప్యూటరులో ‘గ్రెప్’ అనే ఆదేశం రాసి, 25544 అనే సంఖ్యా, ఫైలు పేరూ ఇవ్వండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పంక్తులు రెండూ తెర మీదికి వస్తాయి. 25544 దాని జాబితా సంఖ్య.

రెండవ పంక్తిలో 51.6 చిల్లర అనే సంఖ్య కనిపిస్తుంది. అది భూమధ్యరేఖకు కక్ష్య ఎంత వాలిందో తెలిపే కోణం. కాబట్టి ఆ కేంద్రం ఉత్తరానికీ దక్షిణానికీ సుమారు 51.6 డిగ్రీల అక్షాంశం దాకా పోతుంది. మనం ఉన్నది 17 డిగ్రీల దగ్గర. మన నెత్తిమీదుగానూ పోతుంది. అదే పంక్తి చివర 15.5కు దగ్గరగా మరో సంఖ్య ఉంటుంది. రోజుకు అన్ని చుట్లు తిరుగుతుందన్నమాట.

ఇప్పుడు పైథాన్ తెరిచి ఇలా అడగండి:

1440 / 15.5

రోజులోని నిమిషాలను చుట్లతో భాగించాం. జవాబు సుమారు 92.9. ఒక చుట్టుకు గంటన్నర! ఎత్తు ఎంత? కెప్లర్ మూడవ నియమం గుర్తుందా? 1436 నిమిషాలకొక చుట్టు తిరిగే భూస్థిర ఉపగ్రహం భూకేంద్ర బిందువు నుంచి 42,164 కి.మీ. దూరంలో ఉంటుంది. దానితో పోల్చి, భూవ్యాసార్ధం తీసివేద్దాం:

42164 * (92.9 / 1436) ** (2/3) - 6378

సుమారు 417 కి.మీ. అని వస్తుంది. చూశారా, రెండు ప్రశ్నలతో ఎంత తెలిసిందో!

అయితే అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ అంకెలు ఏనాటివి? మొదటి పంక్తిలో 24180.5 అని ఉంటే, 2024లో 180వ రోజు, అంటే జూన్ 28, మధ్యాహ్నం 12 గంటలు అని అర్థం. అది గ్రీనిచ్ వేళ. మనకు సాయంత్రం ఐదున్నర. అంత ఎత్తున కూడా పలుచని గాలి ఉంటుంది. దాని రాపిడికి కక్ష్య కొద్దికొద్దిగా దిగుతుంది. అప్పుడప్పుడు ఇంజన్లు మండించి కేంద్రాన్ని పైకి నెడతారు. అందువల్ల జాతకం పాతబడేకొద్దీ తప్పు పెరుగుతుంది.

ఈ సంగతి నేను అనుభవం మీద నేర్చుకున్నాను. ఒక సాయంత్రం మా పిల్లలను మేడ మీదికి పిలిచి, ‘ఈ నిమిషానికి అంతరిక్ష కేంద్రం కనబడుతుంది’ అన్నాను. నక్షత్రాలు తప్ప ఏమీ కనబడలేదు. కిందికి వచ్చి చూస్తే నా ఫైలు రెండు నెలల నాటిది! కొత్త అంకెలతో లెక్కవేస్తే, అది మూడు నిమిషాల ముందే వెళ్ళిపోయిందని తేలింది. సెకనుకు 7.7 కి.మీ. చొప్పున మూడు నిమిషాలంటే దాదాపు 1,386 కి.మీ.! హైదరాబాదు నుంచి ఢిల్లీ దాటినంత దూరం. కంప్యూటరు అబద్ధం చెప్పలేదు; అడిగిన నేనే తేదీ చూడలేదు.

మీరు చేసి చూడండి: పంక్తిలోని మొదటి 68 స్థానాల్లో ఉన్న అంకెలన్నీ కూడండి. తీసివేత గుర్తు కనిపిస్తే 1 కలపండి; అక్షరాలనూ చుక్కలనూ వదిలేయండి. మొత్తంలోని చివరి అంకె 69వ స్థానంలోని అంకెతో సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో నకలు తప్పింది. తరువాత రోజుకు 14.2 చుట్లు తిరిగే ఉపగ్రహం ఎత్తెంతో కనుక్కోండి. జవాబు నోటుబుక్కులో రాసి, పక్కన తేదీ వేయడం మరవకండి!