మీకు తెలుసా? సీ భాషలో జనవరి సున్నా నెల!

సీ భాషలో తేదీని ఉంచే ‘స్ట్రక్ట్ టీఎం’లో జనవరి అంటే 0, డిసెంబరు అంటే 11. రోజులు మాత్రం బుద్ధిగా 1 నుంచే మొదలవుతాయి! సంవత్సరాల లెక్క 1900 నుంచి కాబట్టి 2024ను 124 అని రాయాలి.

ఆ తేదీని ‘టైమ్_టీ’ అనే ఒకే సంఖ్యగా (సాధారణంగా 1970 ఆరంభం నుంచి గడిచిన సెకన్లుగా) మార్చేది ‘ఎంకేటైమ్’. 2024 ఫిబ్రవరి 30 అని ఇచ్చినా విసుక్కోదు, మార్చి 1గా సరిదిద్దుకుంటుంది. చిక్కల్లా, ఏమిచ్చినా స్థానిక సమయమనే నమ్ముతుంది. మన టైమ్ పెట్టుకున్న కంప్యూటర్‌లో యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక) సమయాన్ని ఇస్తే జవాబు 19,800 సెకన్లు, అంటే అయిదున్నర గంటలు, తక్కువ వస్తుంది.

యూటీసీకి పనికొచ్చే ‘టైమ్‌జీఎం’ లినక్స్, బీఎస్‌డీల్లో ఎప్పట్నుంచో ఉంది. సీ ప్రమాణంలోకి ఎక్కింది మాత్రం సీ23తోనే. విండోస్‌లో దాని పేరే వేరు. అందుకే కొందరు టైమ్ జోన్‌ను చెప్పే ‘టీజెడ్’ సెట్టింగును కాసేపు యూటీసీకి మార్చి, పని కాగానే మళ్ళీ సర్దేవారు. ఒకరి కోసం ఇంటి గోడ గడియారాన్ని తిప్పడం లాంటిదిది: అదే ప్రోగ్రాంలోని మిగతా థ్రెడ్లకూ ఆ క్షణాన టైమ్ మారిపోతుంది. దానికన్నా లీపు సంవత్సరాలు చూసుకుంటూ 1970 నుంచి రోజులు లెక్కగట్టి, రోజుకు 86,400 సెకన్ల చొప్పున గుణించి, ఆ రోజు గడిచిన సెకన్లు కలుపుకోవడమే నయం.

ఎంకేటైమ్ విఫలమైతే -1 ఇస్తుంది. తమాషా ఏమిటంటే, యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్ లెక్కలో -1 కూడా అసలైన సమయమే: మన గడియారంలో 1970 జనవరి 1, ఉదయం 5 గంటల 29 నిమిషాల 59 సెకన్లు.