880 కోట్ల సంవత్సరాల క్రిందటి సంకేతం

ఢిల్లీ మెట్రో రైలు ఆఖరి మజిలీలలో ఒకటైన వైశాలిలో, మా మేడ ఎక్కి తల యెత్తితే నక్షత్రాలను వ్రేళ్ళమీద లెక్కించవచ్చు. పొగ, ధూళి, వీధిదీపాల వెలుగు తక్కినవాటిని మ్రింగివేస్తాయి. పూనాకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఖోడద్ గ్రామం చెంత ఉన్న దూరదర్శినికి ఈ బాధ లేదు. అది పట్టేది కాంతిని కాదు, రేడియో తరంగాలను. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల 30 తీగెల గిన్నెలు రేయింబవళ్ళు ఆకాశానికి చెవి ఒగ్గి ఉంటాయి. గోవింద్ స్వరూప్ నాయకత్వంలో టాటా మౌలిక పరిశోధన సంస్థ దీనిని నిర్మించింది.

నక్షత్రాలు పుట్టేది ఉదజని వాయువు నుండి. పుట్టిన నక్షత్రం దూరాన ఉన్నా కనబడుతుంది. పుట్టించే వాయువు కనబడదు. ఉదజని పరమాణువు 21 సెంటీమీటర్ల తరంగాన్ని వెలువరిస్తుంది నిజమే, కాని ఒక్కొక్క పరమాణువు అందుకు సుమారు కోటి సంవత్సరాలు తీసుకుంటుంది! దూరపు గెలాక్సీ నుండి ఆ సంకేతం మనకు చేరేసరికి వినరానంత బలహీనమైపోతుంది.

ఇక్కడ ప్రకృతే ఒక సాయం చేసింది. మార్గమధ్యంలో మరొక గెలాక్సీ అడ్డుగా ఉంటే, దాని ఆకర్షణ వెనుకనుండి వచ్చే కిరణాలను వంచి పోగుచేస్తుంది. మాండ్ల్ అనే ఇంజనీరు పట్టుబట్టగా ఐన్‌స్టీన్ 1936లో దీనిపై చిన్న వ్యాసం వ్రాశాడు. నక్షత్రాల విషయంలో దీనిని చూడగలమన్న ఆశ మాత్రం ఆయనకు లేదు. నక్షత్రాలు కాకపోయినా గెలాక్సీలు ఈ పని చేయగలవని మరుసటి ఏడాది జ్వికీ అన్నాడు. 1979లో తొలి దృష్టాంతం దొరికింది. పండితులు దీనికి గురుత్వ కటకమని పేరు పెట్టారు. అనువాదకుడినైన నాకు భూతద్దమన్న మాటే ఇష్టం. కటకమంటే ముందుగా ఒడిశాలోని ఊరు జ్ఞాపకం వస్తుంది.

మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన అర్ణబ్ చక్రవర్తి, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని నిరుపమ్ రాయ్, ఇటువంటి భూతద్దం వెనుకనున్న గెలాక్సీ నుండి ఉదజని సంకేతాన్ని ఖోడద్ దూరదర్శినితో పట్టుకున్నారు. ఫలితం 2023 జనవరిలో వెల్లడయింది. ఆ తరంగం బయలుదేరి 880 కోట్ల సంవత్సరాలయింది. అప్పటికి మన సూర్యుడు ఇంకా పుట్టనేలేదు. విశ్వం వ్యాకోచించినందువల్ల 21 సెంటీమీటర్ల అల సాగి సాగి 48 అయింది. అడ్డునున్న గెలాక్సీ దానిని సుమారు 30 రెట్లు పెంచింది.

లెక్క చూస్తే, అక్కడ నక్షత్రాలుగా మారినదానికంటె మారవలసిన ఉదజని దాదాపు రెట్టింపు ఉన్నది. అంటే వంటచెరకు సమృద్ధిగా ఉన్న ఇల్లన్నమాట. విశ్వంలో నక్షత్ర జననాలు దాదాపు వెయ్యి కోట్ల సంవత్సరాల క్రిందట ముమ్మరంగా సాగి, తరువాత తగ్గుతూ వచ్చాయి. ఎందుకు తగ్గాయో తేలాలంటే ముందుగా ఏ కాలంలో ఎంత వాయువు ఉండేదో తూచాలి. ఒక్క గెలాక్సీతో ఆ తూకం పూర్తికాదు. ఇలా ఒకే వరుసలో నిలిచిన జంటలు మరికొన్ని దొరకాలి.