తనంతట తానే తిరిగే మోటారు: మేలెంత? కీడెంత?

కురవి: మీట నొక్కితేనే మోటారు తిరగాలా, కరెంటు రాగానే తనంతట తానే తిరగాలా? వినడానికి చిన్న ప్రశ్నే. కాని బోరుబావుల కింద వరి, మిర్చి పండించే కురవి మండలం రైతుకు ఇందులో పైరు ఉంది, భూమిలోని నీరు ఉంది, పదిమంది నమ్ముకున్న ట్రాన్స్‌ఫార్మరు ఉంది. ఒక్కొక్కసారి ప్రాణమూ ఉంది.

మోట నుంచి మీట దాకా

మోట కొట్టిన రోజుల్లో ఎడ్లు, మనిషి కదిలితేనే బావిలో నీరు కదిలేది. తరువాత వచ్చిన ఆయిల్ ఇంజనుకు హేండిలు తిప్పే రెక్కల బలం కావలసి వచ్చింది. కరెంటు మోటారుతో ఆ శ్రమ పచ్చ మీట మీదకు దిగింది. స్టార్టరు డబ్బాలో ఒక కాయిల్ ఉంటుంది. మీట నొక్కగానే అది అయస్కాంతంగా మారి మూడు ఫేజుల కాంటాక్టులను పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే పట్టు వదిలేస్తుంది. కరెంటు తిరిగి వచ్చినా, మనిషి వచ్చి నొక్కేదాకా మోటారు లేవదు. మోటారుకూ మనిషికీ కాపుదలగా ఈ ఏర్పాటు కావాలనే చేశారు.

ఆ మనిషి పనిని తప్పించేందుకు వచ్చిందే ఆటో స్టార్టరు. కరెంటు వచ్చాక కొన్ని సెకన్లు ఆగి, మీట నొక్కే పని తానే చేస్తుంది. మంచి రకమైతే మూడు ఫేజులూ సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. చౌకరకానికి ఆ చూపు ఉండదు. ఒక ఫేజు పోయినా మోటారును లేపబోయి వైండింగ్ కాల్చేస్తుంది.

అవసరం నుంచే పుట్టింది

దీన్ని రైతు సోమరితనం అనడం అన్యాయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సేద్యానికి ఉచిత విద్యుత్తు వచ్చినా, వేళ రైతు చేతిలోకి రాలేదు. రోజుకు ఏడు గంటలు, అదీ విడతలుగా, సగం రాత్రిపూట. అర్ధరాత్రి ఒడ్డు వెంట పోయి పాము కాటుకు గురైనవారు, తడి చేతులతో డబ్బా ముట్టుకుని షాకు తగిలినవారు పల్లెపల్లెనా ఉన్నారు. ఇంట్లో పడుకున్నా పొలం తడిపే డబ్బా అప్పుడు ప్రాణాలు నిలిపిందంటే తప్పులేదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల సరఫరా మొదలైంది. అప్పటికి రాష్ట్రంలో సుమారు 23 లక్షల పంపుసెట్లు ఉన్నాయి. ఆటో స్టార్టర్లను తీసివేయండని ప్రభుత్వమే రైతులను కోరింది. విద్యుత్ సిబ్బంది ఊళ్ళలో ప్రచారం చేశారు.

కారణం స్పష్టం. ఏడు గంటల కాలంలో కరెంటు పోయి మోటారును ఆపేది. కరెంటు పోకపోతే ఆపేవారెవరు? లేపడం తెలిసిన డబ్బాకు ఆపడం తెలియదు. మడి నిండి నీరు ఒడ్డు దాటినా మోటారు పోస్తూనే ఉంటుంది. తెలంగాణలో ఎక్కువ భాగం రాతి నేల. నీరు పగుళ్ళలోనే నిలుస్తుంది. ఒక బోరు అదే పనిగా తోడితే పక్క బోరు గ్యాపు ఇస్తుంది. చివరకు తన బోరూ గ్యాపు ఇచ్చి, నీరు లేకుండా తిరిగిన మోటారు కాలిపోతుంది.

అందరూ ఒక్కసారే లేస్తే

మరో చిక్కు ఉంది. నడిచేటప్పుడు సుమారు 8 ఆంపియర్లు తీసుకునే 5 హార్స్‌పవర్ మోటారు, లేచే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. రైతులు ఒకరి తరువాత ఒకరు మీట నొక్కితే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకుంటుంది. కరెంటు రాగానే పది ఆటో స్టార్టర్లు ఒకే క్షణంలో మోటార్లను లేపితే ఫ్యూజులు ఎగిరిపోతాయి. ట్రాన్స్‌ఫార్మరే కాలితే, ఆటో స్టార్టరు లేని రైతు పైరు కూడా ఎండుతుంది.

కంప్యూటర్లలోనూ ఇదే తగాదా

యంత్రాన్ని లేపే పద్ధతి మీద తగాదా బావి గట్టుకే పరిమితం కాదు. ప్రపంచమంతా వాడే లినక్స్ కంప్యూటర్ వ్యవస్థలోనూ ఇది నడిచింది. స్విచ్చి వేయగానే ఒక చిన్న ప్రోగ్రాము లేచి, అసలు వ్యవస్థను లేపుతుంది. అది మిగతా పనులను పిలుస్తుంది. పాత పద్ధతిలో పనులు వరుసగా, ఒకదాని తరువాత ఒకటి మొదలయ్యేవి. ఆ వరుసను తెలిసినవారెవరైనా చదివి సరిచేసుకోగలిగేవారు.

2010లో సిస్టమ్‌డి అనే కొత్త ఏర్పాటు వచ్చింది. అది అనేక పనులను ఒకేసారి లేపుతుంది, పడిపోయినదాన్ని మళ్ళీ లేపుతుంది. వేగం పెరిగిందని కొందరు మెచ్చుకున్నారు. ఒకే డబ్బాలో ఇన్ని పనులు పెడితే చెడినప్పుడు విప్పేదెవరని మరికొందరు అడ్డుతగిలారు. డెబియన్ అనే పెద్ద లినక్స్ సంఘం 2014లో తర్జనభర్జనలు పడి కొత్తదాన్నే ఎంచుకుంది. ఒప్పుకోనివారు డెవువన్ పేరుతో వేరుకుంపటి పెట్టుకున్నారు.

అయితే అక్కడ ఏ పని దేనికోసం ఆగాలో ముందే రాసి ఉంటుంది. మన ట్రాన్స్‌ఫార్మరు కింద ఆ వరుస రాసినవారు లేరు.

చేయదగినది

ఆ వరుసను రైతులే వేసుకోవచ్చు. చాలా ఆటో స్టార్టర్లలో ఎన్ని సెకన్లు ఆగాలో మార్చుకునే వీలుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులు కూర్చుని, ఒకరికి 30, మరొకరికి 60, ఇంకొకరికి 90 సెకన్లుగా పంచుకుంటే సగం బాధ తీరుతుంది. ఇంటి నుంచి ఫోను చేసి మోటారు వేసే, ఆపే స్టార్టర్లు కూడా వచ్చాయి. వాటితో రాత్రి నడక తప్పుతుంది, ఆపే పనీ రైతు చేతిలోనే ఉంటుంది. కాని డబ్బాలో పనులు పెరిగినకొద్దీ మరమ్మతు కష్టమవుతుంది. కాయిల్, కాంటాక్టులు మార్చగల మెకానిక్ దగ్గరలో దొరుకుతాడు. లోపలి సర్క్యూటు పలక చెడితే కొత్తది కొనవలసిందే. ఆ తొందరలో వైర్లు నేరుగా కలిపి నడిపితే, డబ్బాతోపాటు రక్షణ కూడా పోతుంది.

కాబట్టి కొనేముందు మూడు అడగాలి. ఒక ఫేజు పోతే ఆగుతుందా? నీరు లేకపోతే ఆగుతుందా? చెడినరోజు పాత పచ్చ మీటతో నడుస్తుందా? మూడింటికీ అవుననే డబ్బాయే రైతుకు మేలు. పగలే కరెంటు ఉండి, మనిషి పొలం వద్దే ఉన్నప్పుడు మాత్రం ఆటోను ఆపి, మీటను చేతితో నొక్కడమే నీటికీ మోటారుకూ క్షేమం.