చెల్లు రాసిన నోటు
విమోచన, రక్షణ – ఈ రెండు మాటల భావమేమిటి?



కొన్నేళ్ళ క్రితం మా సంఘములోని ఒక మామ్మగారు ఆసుపత్రిలో చివరి దినములలో ఉండగా ప్రార్థన చేయడానికి వెళ్ళాను. నలభై ఏళ్ళుగా ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుని పేరట పిడికెడు బియ్యం తీసిపెట్టిన తల్లి. స్త్రీల సమాజ కూటమి ఒక్కటి కూడా మానలేదు. నేను ప్రార్థన ముగించి లేవబోతుంటే, ఆమె నా చెయ్యి పట్టుకొని మెల్లగా అడిగింది: "అయ్యగారూ, నా లెక్క సరిపోయిందంటారా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. "భయపడకండి మామ్మగారూ, మీరెంతో సేవ చేశారు" అని చెప్పి వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళుగా పుల్పిట్ మీద నుండి కానుకల గురించి, హాజరు గురించి, సేవ గురించి చెప్పి, ఆ లెక్క పుస్తకము ఆమె చేతిలో పెట్టింది నేనే గదా! పోనీ, ఆమె సరైన జవాబు కోసం అడిగినప్పుడైనా ఆమె చేసిన సేవనే మళ్ళీ ఆమెకు చూపించి వచ్చాను.

విమోచన, రక్షణ అనే మాటలు మన ప్రార్థనలలో రోజూ వాడతాము. వాటి భావము తెలియకపోతే ఎంత నష్టమో ఆ రాత్రి గ్రహించాను.

విడిపించే బంధువు

విమోచన అనే మాట గుడిలో పుట్టింది కాదు. అది అప్పు, తాకట్టు, బానిసత్వము ఉన్న చోట పుట్టిన మాట. లేవీయకాండము 25వ అధ్యాయము చూడండి. బీదవాడైన ఇశ్రాయేలీయుడు పొలము అమ్ముకుంటే దగ్గర బంధువు దానిని విడిపించాలి. అతడు తన్ను తానే అమ్ముకుంటే సహోదరుడు గాని, పినతండ్రి గాని, పినతండ్రి కుమారుడు గాని విడిపించవచ్చు. అట్టి బంధువును హెబ్రీ భాషలో 'గోయేల్' అంటారు. రూతు గ్రంథము 4వ అధ్యాయములో బోయజు చేసినది ఇదే. అతనికంటె దగ్గర బంధువు ఒకడున్నాడు గాని, తన స్వాస్థ్యము పాడవుతుందని వెనుకకు తగ్గాడు. విడిపించేవాడు నష్టపోతాడు, ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

మార్కు 10:45లో ప్రభువు తన ప్రాణమును గూర్చి వాడిన గ్రీకు మాట 'లూట్రోన్'. ఆ రోజులలో బానిసను గాని, యుద్ధఖైదీని గాని విడిపించడానికి చెల్లించే వెలకు ఆ పేరు. దానినే మనము క్రయధనము అంటున్నాము.

మా తాతగారి కథ

మా తాతగారు చిన్నతనంలో తన తండ్రి చేసిన అప్పు కింద ఒక ఆసామి దగ్గర పాలేరుగా ఉన్నారు. ఏటేటా వడ్డీ పెరిగేదే గాని అసలు తీరేది కాదు. అప్పు కింద వెట్టిచాకిరీని నిర్మూలించే చట్టము మన దేశములో 1976లో వచ్చింది. తాతగారి సంగతి దానికి చాలా ముందుది. చివరకు ఆయన పెదనాన్న కొడుకు తన కాడెద్దులను అమ్మి, ఆ బాకీ కట్టి, నోటు మీద చెల్లు రాయించి, తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ ఏడు ఆయన ఇతరుల ఎద్దులను బతిమాలి తెచ్చుకొని పొలం దున్నుకోవలసి వచ్చింది.

మరునాడు కోడి కూయగానే తాతగారు అలవాటు చొప్పున లేచి, ఆసామి కొట్టంలోకి వెళ్ళి పేడ ఎత్తడం మొదలుపెట్టారట. అన్న వెదుక్కుంటూ వెళ్ళి, "ఒరేయ్, నీ అప్పు తీరిపోయిందిరా, ఇంటికి పద" అని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాడట.

ప్రియులారా, నోటు మీద చెల్లు రాయడము విమోచన. చెయ్యి పట్టుకొని ఇంటికి తెచ్చి, స్వతంత్రునిగా బ్రతకడము నేర్పడము రక్షణలో మిగిలిన భాగము. ఐగుప్తు దాటిన ఇశ్రాయేలీయులు కూడా అరణ్యములో మాంసపు కుండలను తలంచుకున్నారు (నిర్గమ 16:3). ఐగుప్తులో నుండి వారు బయటికి వచ్చారు గాని, వారిలో నుండి ఐగుప్తు ఇంకా బయటికి పోలేదు.

వెల ఎవరికి చెల్లించినట్టు?

ఈ ప్రశ్న సంఘములో పాతదే. 3వ శతాబ్దపు ఓరిగెను, క్రయధనము సాతానుకు చెల్లించబడినదని తలంచాడు. 4వ శతాబ్దములో నజియాంజుకు చెందిన గ్రెగొరీ, దొంగకు అంత వెల ఇవ్వడమేమిటని అభ్యంతరపడ్డాడు. 1098లో ముగించిన తన గ్రంథములో అన్సెల్ము, మనుష్యుడు దేవుని ఘనతకు అచ్చియున్నాడని, ఆ ఋణము మనుష్యుడే తీర్చాలి గాని దేవునికి మాత్రమే అది సాధ్యమని, అందుకే దేవుడు మనుష్యుడాయెనని వివరించాడు.

పండితుల వాదన ఎలాగున్నా ఒక్క సంగతి గమనించండి. ఐగుప్తు నుండి తన ప్రజలను విమోచించినప్పుడు దేవుడు ఫరోకు ఒక్క కాసు కూడా ఇవ్వలేదు. లేఖనము పుచ్చుకున్నవాని పేరు చెప్పడములో కంటె, చెల్లించినవానికి ఎంత పడిందో చెప్పడములో శ్రద్ధ చూపుతుంది. పేతురు దానిని వెండి బంగారములతో పోల్చి, అవి చాలవన్నాడు (1 పేతురు 1:18, 19). ఆయన మనకు దగ్గర బంధువు కావడానికి రక్తమాంసములు ధరించాడు. మరణభయము చేత దాస్యములో ఉన్నవారిని విడిపించడానికే అలా చేశాడని హెబ్రీ పత్రిక 2:14, 15 చెబుతుంది.

రక్షణకు మూడు కాలములు

రక్షణ అంటే చాలామందికి బాప్తిస్మపు తారీఖు ఒక్కటే జ్ఞాపకము వస్తుంది. లేఖనములో అది మూడు కాలములలో కనబడుతుంది. కృప చేత రక్షింపబడియున్నాము (ఎఫెసీ 2:8). రక్షింపబడుచున్నాము (1 కొరింథీ 1:18). రక్షింపబడబోతున్నాము (రోమా 5:9). మార్కు 5:34లో రక్తస్రావముగల స్త్రీ బాగుపడినప్పుడు వాడిన గ్రీకు క్రియ కూడా రక్షించుట అనే మాటే. కాబట్టి రక్షణ నోటు కొట్టివేతతో ఆగదు. విరిగినది బాగుపడుతుంది, చివరకు దేహము సహా విమోచన పొందుతుంది (రోమా 8:23).

అయితే అప్పు తీరింది గదా, ఇక ఎలాగైనా బ్రతకవచ్చునా? జక్కయ్యను చూడండి (లూకా 19). ప్రభువు అతని ఇంటికి రాకముందు అతడు ఏమీ తిరిగి ఇవ్వలేదు. వచ్చిన తరువాత నాలుగంతలు ఇస్తానన్నాడు. మా తాతగారు కూడా బ్రతికినన్నాళ్ళు అన్నగారి పొలములో ప్రతి నాట్లకు వెళ్ళారు. ఎవరూ అడగలేదు, లెక్క రాయలేదు. అప్పు కింద చేసే చాకిరీకి, ప్రేమతో చేసే పనికి తేడా బయటికి కనబడకపోవచ్చు. చేసేవాని మనస్సుకు తెలుస్తుంది.

మరునాడు ఉదయమే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. "మామ్మగారూ, నిన్న నేను తప్పు చెప్పాను. మీ లెక్క సరిపోలేదు, నాదీ సరిపోదు. మన బంధువు వచ్చి కట్టేశాడు. చెల్లు రాసి ఉంది" అన్నాను. ఆమె చాలాసేపు పైకప్పు వంక చూసి, "అయితే ఆ పిడికెడు బియ్యం?" అంది.

"అది అప్పు కాదమ్మా. అన్నగారి పొలంలో నాట్లు" అని మా తాతగారి కథ చెప్పాను. ఆమె నవ్వింది. ఆ వారమే ప్రభువునందు నిద్రించింది.

ప్రియ సహోదరుడా, సహోదరీ, ఈ ఉదయము మీరు లేచి ఎవరి కొట్టంలోకి వెళ్ళారు? మన నోటు మీద చెల్లు రాసినవాడు చెయ్యి చాచి నిలిచియున్నాడు. ఆయన వెంట ఇంటికి నడిచే కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమెన్.